అరిగిన తాళంచెవి

నలభై మూడు జవాబు పత్రాల్లో నలభై రెండు ఒకేలా ఉన్నాయి. వాటి మీద మాస్టారికి ఏ అనుమానమూ రాలేదు. ఆయన అనుమానమంతా నలభై మూడోదాని మీదే.

ప్రశ్న పాతదే. 'మెడలో తాళంచెవి' కథలో తాళంచెవి దేనికి గుర్తు? కథలోని నీతి ఏమిటి? జవాబూ పాతదే. ముసలాయన మెడలోని తాళంచెవి పిసినారితనానికి గుర్తు. అత్యాశ మనిషిని ఒంటరిని చేస్తుందన్నది నీతి. ఇవి మాస్టారు చిన్నప్పుడు తన మాస్టారి దగ్గర రాసుకున్న మాటలు. ఇరవై రెండేళ్లుగా పొల్లుపోకుండా పిల్లలకు అందిస్తున్నారు.

పుస్తకం బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని పాఠం చెప్పడం ఆయన పద్ధతి. పిల్లలు ఆయనకు కంఠస్థం మాస్టారని పేరు పెట్టారు. ఉద్యోగంలో చేరిన రోజు చేతికొచ్చిన ఆ ఉపవాచకం ఇప్పటికీ కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది. దాన్ని చూపించే, పుస్తకాలు నలిపేసే పిల్లలకు చీవాట్లు పెడతారు.

నలభై మూడో పత్రం తాళాలు బాగుచేసే మేస్త్రి కూతురిది.

'తాళంచెవి పళ్లు అరిగిపోయాయని కథలో ఉంది. దాచుకునేవాడి తాళంచెవి అరగదు. ముసలాయన రోజూ పెట్టె తెరిచి ఎవరికో ఇస్తున్నాడు. ఈ కథ పిసినారి గురించి కాదు. అతన్ని అనుమానించిన వీధి గురించి.'

మాస్టారికి ఒళ్లు మండింది. పదో తరగతి పిల్లకు ఇంత బుర్రా? ఎవరో రాసిచ్చి ఉండాలి. ఆ పిల్ల సంచి దులిపించారు. స్కేలు తిప్పి వెనకవైపు చూశారు. పక్కన కూర్చున్న పిల్లను గుచ్చి గుచ్చి అడిగారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం మరింత ముదిరింది.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ గదిలో పంచాయితీ. ఆవిడ లెక్కల మనిషి, కథల జోలికి పోరు. కాపీ అని తేలితే పిల్లను పెద్ద పరీక్షకు పంపరు. ఏడాది గంగలో కలిసినట్టే. మేస్త్రి పని మధ్యలోంచి లేచొచ్చాడు. చేతులకింకా ఇనప రజను అంటుకునే ఉంది.

"ఎవరు చెప్పారు నీకిది?" అన్నారు మాస్టారు.

"ఎవరూ చెప్పలేదు సార్. కథలోనే ఉంది."

"నా చెవిలోనే పువ్వు పెడుతున్నావా? ఇరవై రెండేళ్ల నుంచి చెప్తున్నా ఈ పాఠం. అరిగిన పళ్లు ఎక్కడున్నాయే అందులో?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయి నన్ను ఒక్కటే అడిగింది సార్. తాళంచెవి ఎందుకు అరుగుతుంది నాన్నా అని. రోజూ తిప్పితే అరుగుతుందమ్మా అన్నాను. అంతే."

"చూశారా మేడమ్! తండ్రీకూతుళ్లు కూడబలుక్కున్నారు."

పిల్ల కళ్లు తుడుచుకుంటూ సంచిలోంచి తన పుస్తకం తీసింది. నాలుగు చేతులు మారింది అది. అట్ట లేదు. సగం పేజీలకు అతుకులే.

"అది చెల్లదు. దాంట్లో ఎవరేం గీకారో, ఏ కాగితం తెచ్చి అంటించారో ఎవరికి తెలుసు?" అన్నారు మాస్టారు.

హెడ్‌మిస్ట్రెస్ నిట్టూర్చి కలం మూత తీశారు. "సరే, మీదే ఇవ్వండి మాస్టారూ. అందులో లేదంటే కాపీ అని రాసిన ఈ కాగితం మీద సంతకం పెట్టేస్తాను."

మాస్టారు ధీమాగా తన పుస్తకం అందించారు. ఆయనకు అంతకంటే కావలసిందేముంది?

"మూడో పేజీ మేడమ్. కింద నుంచి రెండో లైను," అంది పిల్ల.

ఆవిడ విషయసూచిక చూసుకుని కథ దగ్గరికి తిప్పారు. మొదటి పేజీ వచ్చింది. మూడో పేజీ రాలేదు. వేలు తడి చేసుకుని మళ్లీ తిప్పారు. గోటితో గోకారు. మాస్టారి ముఖంలోకి ఒకసారి చూసి, మేస్త్రి వైపు తిరిగారు.

"మీ దగ్గర చిన్న చాకేమైనా ఉందా?"

ప్రెస్సువాళ్లు అంచు కోయడం మరిచిపోయిన ఆ కథ పేజీలు, ఇరవై రెండేళ్లుగా ఎవరూ విడదీయక, ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి.