తెర మారేలోపే

"ఇంకెంతసేపండీ? అక్కడ పిల్లకి ఊపిరి అందట్లేదు!" మందుల గోదాం గుమ్మంలోంచి అంబులెన్స్ డ్రైవరు అరిచాడు.

పాముకాటు మందు లోపలే ఉంది. నలభై వేల పెట్టెల్లో ఎక్కడుందో చెప్పాల్సిన కొత్త కంప్యూటరు మాత్రం, నిన్న పెట్టారో లేదో, ఇవాళ బిగుసుకుపోయింది. పెట్టిన ఇంజనీరుకి ముచ్చెమటలు పోశాయి. మూలనున్న పాత కంప్యూటరు ఇంకా వెలుగుతూనే ఉంది. నల్లటి తెర, దాని మీద అంకెలు వేసిన పచ్చటి లైన్లు. అలవాటు కొద్దీ అతని చెయ్యి మౌస్ కోసం బల్లంతా తడిమింది.

"దానికి మౌస్ ఉండదు సార్," అన్నాడు ఈమధ్యే చేరిన స్టోర్‌కీపరు. "ముప్ఫై ఏళ్లు దాని ముందు కూర్చున్నది మా అత్తగారు. పక్క సందులోనే ఉంటారు, తీసుకొస్తా." అంటూనే పరిగెత్తాడు.

'పెద్దావిడొచ్చి ఏం ఒరగబెడుతుందిలే' అని ఇంజనీరు లోలోపలే గొణుక్కున్నాడు.

అల్లుడి చెయ్యి పట్టుకుని వచ్చి కూర్చుందావిడ. మందు పేరు చెప్పగానే వేళ్లు వడగళ్లలా పడ్డాయి. మూడు, ఎంటర్. ఏడు, ఎంటర్. తెర మారేలోపే తరవాతి అంకె పడిపోతోంది. పైగా గుమ్మం వైపు తిరిగి కబుర్లు!

"పిల్లకెన్నేళ్లు బాబూ?"

"ఆరమ్మా."

ఇంజనీరు నోరు వెళ్లబెట్టాడు. "తప్పు పడితేనో అమ్మా?"

"తప్పయితే అది కీచుమంటుంది నాయనా. నోరు మెదపలేదంటే దారి సరిగ్గానే ఉన్నట్టు." చివరి మీట నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఆఖరి లైను చదువు."

"పధ్నాలుగో ర్యాక్, మూడో అర!"

స్టోర్‌కీపరు ఒక్క పరుగున వెళ్లి మందు తెచ్చాడు. అంబులెన్స్ కూత పెట్టుకుంటూ వెళ్లిపోయింది. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేదాకా ముగ్గురూ కదల్లేదు.

"గండం గడిచిందట! పిల్ల అమ్మని పిలిచిందట!" ఫోన్ పెట్టేస్తూ అన్నాడు స్టోర్‌కీపరు.

ఇంజనీరు ఎన్నో యంత్రాలు చూశాడు. కానీ ఇంతటి పనితనం ఎప్పుడూ చూడలేదు. లేచి ఆవిడకి రెండు చేతులూ జోడించాడు. ఆవిడ పట్టించుకోలేదు. పాత తెరని అరచేత్తో మెల్లగా నిమురుతోంది.

"అక్షరాలు ఇంకా పచ్చగానే ఉన్నాయా బాబూ? నాకు చూపు పోయి పదేళ్లయింది."