ఆకుపచ్చ చుక్కలు

“త్వరగా కానివ్వండి మేడమ్. ముసలాడికి మతి చెడిందని తేలితే మా దారిన మేం పోతాం” అన్నాడు కొడుకు.

ముసలాడంటే ఎవరో కాదు, కన్నతండ్రి. పోయి నెల తిరగలేదు. ఆయన మెదడు ముక్క ల్యాబ్‌లో టెక్నీషియన్ ముందుంది. ఆమెకు ఒళ్లంతా కంపరమెత్తింది. మెదడును చూసి కాదు.

పెద్దాయన తన మేడను, మంచాన పడ్డప్పుడు సేవ చేసిన ఆయా పేర రాసి పోయాడు. మతి లేకుండా రాశాడని కొడుకు కోర్టుకెక్కాడు. మతిమరుపు జబ్బుంటే మెదడులో కంటికి ఆనని ప్రోటీన్ గడ్డలుంటాయి. అవి కనిపిస్తే మేడ కొడుక్కి, లేకపోతే ఆయాకి.

“ఎలా కనిపిస్తాయవి?” కోడలు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగింది.

“మొదటి మందు గడ్డల్ని పట్టుకుంటుందండీ. తర్వాత వేసే రంగు మందు ఆ మొదటి మందును పట్టుకుంటుంది. మైక్రోస్కోపు వెలుగు పడగానే గడ్డలు ఆకుపచ్చ చుక్కల్లా మెరుస్తాయి.”

“కాస్త ఎక్కువ మెరిసేలా చూడండి” అంటూ కొడుకు ఇకిలించాడు.

“మామగారి మలమూత్రాలు ఎత్తిందట, దానికి మేడ కావాలట మహాతల్లికి!” అంది కోడలు.

“మీరెప్పుడూ ఎత్తలేదా?”

“ఛీ! తలుచుకుంటేనే వాంతొస్తుంది.”

ఇద్దరి మొహానా ఉమ్మేయాలనిపించింది టెక్నీషియన్‌కి. వీళ్లూ మనుషులేనా? పళ్ల బిగువున కోపం ఆపుకుని, రేపు రమ్మని పంపేసింది. చేతులకు తొడుగులు వేసుకుంది. మెదడును ఉల్లిపొర కన్నా పలచగా కోసి గాజుపలక మీద పరిచింది. కణాలు కనబడటానికి నీలం రంగు వేసింది. ఆకుపచ్చ రంగు మందు వేసింది. శుభ్రంగా కడిగింది. గదిలో దీపాలార్పి ఫొటో తీసింది.

మర్నాడు తలుపు తీయగానే ఇద్దరూ ఊడిపడ్డారు. కంప్యూటర్ తెర మీద కణాలు నీలంగా మెరుస్తున్నాయి. ఆకుపచ్చ చుక్క ఒక్కటి లేదు.

“అంటే?”

“గడ్డలేం కనిపించలేదు. కోర్టుకి ఇదే పంపుతున్నాను.”

కొడుకు మొహం మాడిపోయింది. “చచ్చి కూడా సాధించాడు ముసలాడు!” అంటూ తలుపు ధడాలున వేసి పోయాడు. కోడలు ఆయాకి శాపనార్థాలు పెడుతూ వెనకే నడిచింది.

వాళ్లు పట్టుకున్న తలుపు పిడిని కూడా స్పిరిట్‌తో తుడిచింది టెక్నీషియన్. అప్పటికి గానీ రోత తగ్గలేదు. ఫోను తీసింది.

“అమ్మా, మేడ నీదే, తన పేరే గుర్తులేని మనిషి చేత నువ్వు సంతకం పెట్టించుకున్న సంగతి ఇక ఎవరికీ తెలీదు, ఆ మొదటి మందు నేను వెయ్యనేలేదు.”