నూటికి నూరు

"తిరుమల్ భయ్యాకి సేఫ్టీ పరీక్షలో నూటికి నూరొచ్చాయి దీదీ, చూడండి."

పవర్ హౌస్ బజారులోని ఆఫీసులో కాంట్రాక్టరు మనిషి తన ఫోను తిరుమలరావు భార్య భాగ్యరేఖ ముందు పెట్టాడు. తెర మీద తిరుమలరావు ఫొటో, పక్కన పచ్చ టిక్కు.

"గ్యాసున్న ట్యాంకులోకి మాస్కు లేకుండా దిగకూడదని ఆయనకి తెలుసు. లోపల మనిషి పడిపోయినా దిగకూడదనీ తెలుసు. అయినా దిగేడు, పోయేడు. తప్పు ఆయనదే అయినప్పుడు పరిహారం ఎలాగొస్తాది?"

భాగ్యరేఖ ఆ పచ్చ టిక్కుకేసి చూసింది.

ఇదివరకు ఈ జాగ్రత్తలన్నీ ఫోర్‌మన్ ఫ్యాక్టరీ గేటు దగ్గర అందర్నీ నిలబెట్టి చెప్పేవాడు. ఈ ఏడు అవి ఫోన్లోకి వచ్చేశాయి. వీడియో చూసి, పరీక్ష పాసైతేనే గేటు లోపలికి రానిస్తారు.

ఆ పరీక్ష రోజు ఉదయం తిరుమలరావు నైట్ షిఫ్టు చేసొచ్చి, బూట్లయినా విప్పకుండా మంచం మీద వాలిపోయాడు. బెండకాయలు తరుగుతూ వీడియో చూసింది భాగ్యరేఖే. జవాబులు నొక్కిందీ ఆమే. ఆఖరి ప్రశ్న దగ్గర, సరదాకి అతన్ని తట్టి లేపింది.

"ఇదుగో, నీ దోస్తు గ్యాసు ట్యాంకులో పడిపోయేడు. ఏటి చేస్తావు?"

"ఏటి చేస్తాను? దిగి లాగుతాను," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"తప్పు," అని నవ్వింది భాగ్యరేఖ. సరైన జవాబు తనే నొక్కి, అతన్ని నిద్రపోనిచ్చింది.