ఉడుంపట్టు మెడ

టీవీలో మొగుడు తాళ్ల మీదికెక్కాడు. సోఫా అంచున కూర్చున్న ఆమె కళ్లు గట్టిగా మూసుకుని అయిదు లెక్కపెట్టింది. దబ్బుమని చప్పుడయింది. ఆ వెంటనే అక్కడి కుస్తీ హాలంతా తిట్లు మోగాయి. కళ్లు తెరిచేసరికి అతను లేచి నిలబడి, ఇనప కుర్చీ ఎత్తి జనాన్ని బెదిరిస్తున్నాడు. మెడ అటూ ఇటూ తిరుగుతోంది. ఈ శనివారానికి గండం గడిచింది.

ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి వచ్చే ఆ కుస్తీ షోలో అతని పేరు ఉడుంపట్టు. పదకొండేళ్లుగా విలన్ వేషం. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారని ఆమెకూ తెలుసు. కాని పడటం మాత్రం నిజంగానే పడాలి. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం ఆమెది. మూడు నెలల కిందట మొగుడి మెడకు ఎక్స్‌రే తీసింది కూడా తనే. ఆ ఫిల్ము చూసిన ఎముకల డాక్టరు, ఇంకొక్కసారి మెడ మీద పడితే మనిషి ఇక మంచం దిగడని చెప్పాడు.

మానెయ్యమని ఆమె కాళ్లావేళ్లా పడింది. అతను నవ్వేశాడు.

"నా మెడ సంగతి నాకు తెలీదా? ఏనుగు తొక్కినా విరగదులే."

తనంతట తాను తప్పుకుంటే పిరికివాడన్న ముద్ర పడుతుందని, కొత్తవాళ్లకు కుస్తీ నేర్పే పని కూడా రేపెవరూ ఇవ్వరని అన్నాడు. షో నడిపే కంపెనీయే పంపించేస్తే ఆ మచ్చ ఉండదట. అంతకుమించి ఏమడిగినా పెదవి విప్పలేదు. తెర వెనక సంగతులు కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదన్నది వాళ్ల వృత్తిలో కట్టుబాటు.

అయితే ఆ కంపెనీ చేతే పంపించేయించాలని ఆమె నిశ్చయించుకుంది. కుస్తీ అభిమానులు తమ అభిప్రాయాలు రాసుకునే సైటు ఒకటుంది. అందులో 'చేదుమాత్ర' అన్న పేరుతో చేరి, ప్రతి ఆదివారం పొద్దున్నే మొగుణ్ణి ఉతికి ఆరెయ్యడం మొదలుపెట్టింది.

"ఈ వారం కూడా ఉడుంపట్టు అదే కుర్చీ ఎత్తాడు. పాపం, ఆ కుర్చీకైనా విసుగు పుట్టలేదా? రిఫరీ అటు తిరగ్గానే ఎదుటివాడి కళ్లల్లో పొడి చల్లడం కూడా ఒక కుస్తీయేనా? వీడు కనిపిస్తే మా ఇంట్లో టీవీకి దుప్పటి కప్పేస్తున్నాం. వీణ్ణి షోలోంచి తరిమేసేదాకా నాకు నిద్ర పట్టదు."

ఆ చివరి మాట అక్షరాలా నిజం.

రెండు నెలలు తిరక్కుండానే వేలమంది ఆమెతో గొంతు కలిపారు. శనివారం హాల్లో చేదుమాత్ర మాటలు అట్టల మీద రాసి పట్టుకుంటున్నారు. ఇంకెంత, నాలుగు వారాల్లో కంపెనీ దిగివస్తుందని ఆమె ఆశపడింది. సరిగ్గా అప్పుడే ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు 'మూడో వరస' అనే అభిమాని.

"ఎదుటివాణ్ణి నేలకేసి కొట్టేటప్పుడు ఉడుంపట్టు ఎడమచెయ్యి చూడండి. ఎదుటివాడి తల కింద ఉంటుంది. పదకొండేళ్లలో ఒక్కడికీ దెబ్బ తగలనివ్వలేదు. ఇలాంటి మనిషినా మనం తిడుతున్నది?"

మరుసటి శనివారం కొందరు ఆ ఎడమచెయ్యి చూసి చప్పట్లు కొట్టారు. ఆ షో చివర్లోనే ప్రకటన వచ్చింది. వచ్చే నెల ఉడుంపట్టు ఇరవై అడుగుల ఇనప పంజరం పైనుంచి కిందికి దూకుతాడట.

ఆమె టీవీ కట్టేసింది. ఇదంతా ఆ మూడో వరస పొగడ్తల వల్లే వచ్చిందనుకుంది. మర్నాడు ఎక్స్‌రే గదిలో ఒక ముసలాయన్ని ఊపిరి బిగపట్టమని చెప్పి, వదలమని చెప్పడం మరిచిపోయింది. ఇంటికొచ్చి పంజరం సంగతి అడిగితే, దూకమంటే దూకడమే, అందులో ఏముందంటూ మొగుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఉండబట్టలేక ఆమె మూడో వరసకు నేరుగా రాసింది. "దయచేసి మీ పొగడ్తలు ఆపండి. మీకేం, పడేది మీ మెడ కాదుగా."

"పడేవాడికి భయం ఉండదనుకుంటున్నారా?" అని జవాబు వచ్చింది.

వెటకారమనుకుని ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది. వారానికొకటి రాసేది రోజుకొకటి రాసింది. తిట్లకు మాటలు చాలక మొగుడి గుండునూ బూట్లనూ కూడా వదల్లేదు. అయినా లాభం లేకపోయింది. అతను కుర్చీ ఎత్తితే ఈలలు పడుతున్నాయి. ఎదురుగా ఉన్న హీరోని తిడుతున్నారు. ఒక్కో శనివారం గడిచేకొద్దీ ఆమెకు అన్నం సయించకుండా పోయింది.

పంజరానికి ఇంకా అయిదు రోజులుందనగా మొగుడు మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి బూట్ల సంచి కింద పెట్టాడు.

"కంపెనీ నన్ను పంపించేసింది."

ఆమె గోడకానుకుని అక్కడే కూలబడి ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని, ఎందుకని అడిగింది. ఇక చెప్పొచ్చులే అంటూ అతను పక్కన కూర్చున్నాడు.

"విలన్‌కి తిట్లే బలం. చేదుమాత్ర తిట్టినన్నాళ్లూ నాకు తిరుగులేదు. నేను తన్నులు తింటుంటే చూడాలనే జనం ఎగబడేవాళ్లు. ఆ పంజరం కూడా ఆ తిట్ల పుణ్యమే. మూడో వరస చప్పట్లు కొట్టించాక నేనెందుకు వాళ్లకి? హీరోలు వాళ్ల దగ్గర కావలసినంతమంది ఉన్నారు."

టీ పెడతానని అతను వంటింట్లోకి వెళ్లాడు. ఇన్నాళ్లూ మొగుణ్ణి ఆ పంజరం పైకి ఎగదోసింది తనేనన్నమాట. తనదే పైచేయి అయి ఉంటే అయిదు రోజుల్లో అతను ఆ పంజరం ఎక్కేవాడే. చాలాసేపటికి ఫోను తీసి మూడో వరసకు రాసింది.

"మీరెవరో నాకు తెలియదు. ఉడుంపట్టు మా ఆయన. నేను తిట్టి తిట్టి ఆయన ప్రాణం మీదికి తెచ్చాను. మీరు కాపాడారు. మీకు వెయ్యి దండాలు."

"టీ చల్లారుతోంది, లేచి రా" అని వచ్చింది జవాబు.