పనసాకు ఇడ్లీ

కారు దిగగానే ఒక ముసలామె ఎదురొచ్చింది.

మడత నలగని చీర. తలలో కనకాంబరాలు. చేతిలో స్టీలు డబ్బా. ఎంత తోమినా పోని చేపల వాసన ఒంటినిండా.

సూర్యప్రకాశ్ ముక్కు మూసుకున్నాడు.

"మాకేమీ వద్దు, పోమ్మా," అన్నాడు కన్నడంలో.

"అమ్మేదానికి రాలేదప్పా. ఊరు చూపిస్తాను," అంది ఆమె కూడా కన్నడంలోనే.

అంటూ అతని మొహమే చూస్తోంది.

సూర్యప్రకాశ్‌ది చింతామణిలో కిరాణా అంగడి. మంగళూరు పక్కనున్న ఈ సముద్రపు పేటకు తీసుకుపొమ్మని తల్లి సులోచనమ్మ మూడు నెలలుగా పోరింది. మైసూరు చూపిస్తానన్నా వినలేదు. పక్కనున్న నందికొండ చాలదా అన్నా వినలేదు. చివరికి భార్యను అంగట్లో కూర్చోబెట్టి, తల్లినీ కూతురు అక్షతనూ ఎక్కించుకొని బయల్దేరాడు.

"అప్పా, చూడాల్సినవి ఆరు ఉండాయి," అంది అక్షత ఫోను చూస్తూ. "లైట్‌హౌసు, చేపల రేవు, పడవ, ఇసుక దిబ్బ..."

"తొందరగా కానీ. చీకటి పడకముందే ఘాట్ రోడ్డు ఎక్కల్ల."

లైట్‌హౌసు దగ్గరికి వాళ్ళు పోతే ముసలామె కూడా వచ్చింది. రేవుకు పోతే రేవుకూ వచ్చింది.

"ఈ ముసల్ది జిగట మాదిరి అంటుకునిందే! ఏం కంపో చూడు," అన్నాడతను కూతురితో తెలుగులో.

"మెల్లగ అప్పా, ఇంటాది."

"ఈడ తెలుగు ఎవురికొస్తాది? తుళు, కన్నడం, అంతే."

తెలియని భాషలో తిడితే పాపం అంటదని కొందరి నమ్మకం.

ముసలామె గాలి వాటం చూసుకొని అవతలి పక్కకు మారి నడిచింది.

సులోచనమ్మ మాత్రం సముద్రం వైపు ఒక్కసారైనా సరిగా చూడలేదు. ఇసుకలో ముసలామె చెయ్యి పట్టుకొని నడిచింది. ఇద్దరూ గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకున్నారు. కొడుకు దగ్గరికి రాగానే ఆపేశారు.

పడవ దిగి వచ్చాక ముసలామె డబ్బా మూత తీసింది. లోపల పనసాకులు దొన్నెల్లా కుట్టి ఉడికించిన ఇడ్లీలు. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"తినప్పా. చేపల గిన్నెలో చేసింది కాదు. కొత్త గిన్నె కొన్నాను."

సూర్యప్రకాశ్ తల్లి వైపు తిరిగాడు.

"చూడమ్మా ఈమె కత! చేపలు కోసే చేత్తో చేసింది మనం తినాలంట. మన ఇండ్లల్లో కోడిగుడ్డు పేరన్నా ఎత్తుతారా?"

"ఒక్క ముక్క తినరా సూర్యా."

"నీకేమన్నా మతి పోయిందా?"

"నీకు దండం పెడతాను. ఒక్క ముక్క."

అని ఆ తల్లి నిజంగానే చేతులు జోడించింది. పక్కన ఎవరో చూస్తున్నారని అతనికి సిగ్గేసింది.

అది చాలదన్నట్టు సులోచనమ్మే ఒక ఇడ్లీ తీసుకొని ఆకు ఒలిచి తినసాగింది. పెళ్ళిళ్ళలో కూడా ఎసరు ఎవరు పెట్టారో అడిగి తినే మనిషి.

అక్షత చెయ్యి చాచింది. అతను కళ్ళెర్ర చేశాడు. పిల్ల చెయ్యి వెనక్కి పోయింది.

గొడవ వదిలించుకోవాలని ఒకటి తీసుకున్నాడు. నాలుగడుగులు పక్కకు పోయి కుక్కకు వేశాడు.

ముసలామె చూసింది.

"ఉండనీలే," అంది. "దానికీ ఆకలే కదా."

కారు ఎక్కుతుంటే ఆమె చెయ్యి అతని చెంప దాకా వచ్చింది. అతను తల వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి, కారు తలుపు వేసింది.

దారి పొడుగునా సులోచనమ్మ వెనక్కి తిరిగి చూస్తూ కూర్చుంది.

"సముద్రం చూసినావు కదా, ఇంకేమి?" అని అడిగాడతను.

"ఏం చూస్తినిలేరా," అంది.

నెల తిరగకముందే ఒక పొద్దున సులోచనమ్మ ఫోను మోగింది. తల్లి పూజలో ఉందని సూర్యప్రకాశే ఎత్తాడు. అవతల ఎవరో కన్నడంలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశారు.

"ఎవరో పుట్టమ్మంట, తీరిపోయిందంట. నీకు చెప్పమన్నారు. ఎవరమ్మా?"

సులోచనమ్మ హారతి పళ్ళెం కింద పెట్టింది.

"సముద్రం కాడ నీకు ఇడ్లీ ఇచ్చె చూడు, ఆమె."

"అయ్యో పాపం. ఆయమ్మకు నీ నంబరు ఎట్ల తెలుసు?"

ఆమె లేచి స్నానాల గదిలోకి పోయి బకెట్టు కింద కొళాయి తిప్పింది.

"పోయి తలకు పోసుకో."

"ఏంటికి? ఆ ముసలామె పోతే మనకు మైల యాడిది?"

"నాకు లేదు. నీకుండాది."

అతను నవ్వబోయాడు. తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

"మన శిడ్లఘట్ట పక్క మనిషేరా. పట్టుపురుగుల కాడ కూలి చేసేది. పని చాలక ఆ సముద్రం పక్కకు వలస పోయిరి."

"అట్లయితే తెలుగు..."

"నీకన్నా బాగా వస్తాది."



"మరి ఆ పొద్దే చెప్పొచ్చు కదమ్మా!"

"మీ అప్ప, తను చచ్చేదాకా చెప్పొద్దని ఒట్టేయించుకునె. పోయినంక చెప్దామంటే ఆమె ఒద్దనె. ‘నా చేతిది ఒక్కసారి తింటే చాలమ్మా, చెప్పాకు’ అనె."

బకెట్టు నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. కొళాయి ఎవరూ కట్టేయలేదు.

"నువ్వు పుట్టినప్పుడు నాకు విషజ్వరమొచ్చి పాలెండిపోతే, పదకొండు నెలలు నీకు రొమ్మిచ్చి బతికించింది ఆ పుట్టమ్మేరా."