నెమలి కింద పేరు

"అక్కా, నెమలి ముగ్గుకు నడిమి వరుసల ఎన్ని చుక్కలు?"

సుగుణ చేతిలో ముగ్గుపిండి ఆగింది. తలెత్తకుండానే అడిగింది.

"ఎందుకే నీకు?"

"కంప్యూటర్ల ఎక్కిద్దామని. గీతలు నాకు యాదికున్నయి, శశికళక్క బిడ్డ పెండ్లిల నువ్వు ఏసినప్పుడు చూసిన. చుక్కల లెక్కనే తెల్వదు."

మరిది భార్య, యారాలు విమల గళ్ల నోటుబుక్కు తెరిచి గడప మీద నిలబడింది. రెండు నెలలుగా ఇదే వరస. తెల్లారి సుగుణ వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లి ముగ్గు వేయడం, విమల వెనకనే నిలబడి ఒక్కో చుక్కా గళ్లలోకి ఎక్కించుకోవడం. ఇప్పటికి నలభై ముగ్గులయ్యాయి. నెమలి ఒక్కటే మిగిలింది.

నెమలి సుగుణకు ప్రాణం. చిల్పూర్‌లో వాళ్ల అవ్వ చెయ్యి పట్టి నేర్పిన ముగ్గు. పెండ్లిళ్లకు తప్ప వేయదు, దాని లెక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మానుకోటలో ఎవరింట్లో శుభకార్యమైనా ముందు కబురొచ్చేది సుగుణకే. ఆమెకు ఉన్న పేరంతా ఆ ముగ్గుపిండిలోనే ఉంది మరి.

ఆ పేరుకు ఇప్పుడు ఎసరొచ్చింది.

మరిది వెంకట్రాం స్టేషన్ రోడ్డులో, సైకిళ్ల దుకాణం మీది గదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టి మూడు నెలలైంది. నేర్చుకుంటానని ఒక్కడూ రాలేదు. "గా టీవీ డబ్బ ఏం జేస్తది?" అని అడిగి పోయేవాళ్లే అందరూ. ఈ నెలలో పది మంది చేరకపోతే మూసుకోవడమే. మొదటి నెల ఖాళీగా గడవగానే విమలకు తట్టింది ఈ ఉపాయం. మిషను ముగ్గులేస్తే ఆడవాళ్లు వస్తారు, ఆడవాళ్లు మెచ్చితే పిల్లలను పంపుతారు. ఈ ఆదివారం రమ్మని అందరినీ పిలిచింది.

ఆ సంగతి తెలిసిన నాడే నల్లా దగ్గర శశికళ అననే అంది. "ఇగ సుగుణతోని పనేంది? మీట నొక్కితే ముగ్గు పడ్తదట!"

నలుగురూ నవ్వారు. ఆ నవ్వు సుగుణకు నిప్పులా అంటుకుంది.

దానికి తోడు నిన్న సాయంత్రం చాయ్ ఇయ్యబోతే లోపలినుంచి మాటలు వినబడ్డాయి.

"పేరు మాత్రం పెద్దగ రావాలె. నెమలి కిందనే. ఊరంత సదవాలె" అంటోంది విమల.

"మా వదినెకు చెప్పినవా?"

"ఆదివారం దాక చెప్పకు. గప్పుడు అక్క మొఖం జూడాలె నేను!"

మొఖం చూడాలట! ముగ్గులు నావి, పేరు దానిది, పైగా నా మొఖం చూసి మురవాలట! ఏకై వచ్చి మేకైందంటే ఇదే కదా అనుకుంది సుగుణ. చాయ్ చల్లారిపోయింది. ఆమె మాత్రం చల్లారలేదు.

"చెప్పక్కా, ఎన్ని?" విమల మళ్లీ అడిగింది.

అసలు లెక్క ఇరవై ఒకటి. పైకీ కిందికీ వరుసకు ఒక్కటి చొప్పున తగ్గుతూ పోవాలి.

"పందొమ్మిది" అంది సుగుణ. "వరుసకు రెండు తగ్గాలె."

అనేసి మళ్లీ ముగ్గుపిండి తీసుకుంది. మాట వెనక్కి తీసుకోలేదు.

"మా అక్క బంగారం!" అని విమల రాసుకుని పరుగెత్తింది.

శనివారం రోజంతా కరెంటు లేదు.

"ఒక్కపారి అచ్చేసి చూస్తే మంచిగుండు" అన్నాడు వెంకట్రాం.

"ఏం గాదు. లెక్క జెప్పింది అక్కనాయె! తప్పు పోతదా?" అంది విమల.

బియ్యం చెరుగుతున్న సుగుణ చేట కాస్త గట్టిగా కొట్టింది.

ఆదివారం మెట్ల మీద చెప్పులకు చోటు చాలలేదు. శశికళ కొబ్బరికాయ కూడా తెచ్చింది. "బయట కొట్టక్కా! దీని మీద నీళ్లు పడొద్దు" అని వెంకట్రాం అడ్డం పోయాడు.

సుగుణ వెనక గోడకు నిలబడబోతే విమల చెయ్యి పట్టి లాక్కొచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టింది.

"నువ్వు ఈడనే కూసోవాలె."

చూడు, నా మొఖం బాగా చూడు, అనుకుంది సుగుణ.

విమల మీట నొక్కింది. అచ్చు మిషను కిర్రుకిర్రుమంటూ అంచుల వెంట రంధ్రాలున్న కాగితాన్ని పైకి నెట్టసాగింది. ముందు నెమలి తల వచ్చింది. అందరూ "అబ్బో!" అన్నారు. మెడ దగ్గర గీత పక్క చుక్కకు పోయింది. ఆ తరువాత ఏ గీత ఎటు పోతోందో తెలియలేదు. పురి విప్పవలసిన చోట దారం ఉండలా చిక్కుపడింది.

"గిది నెమలా, ఈకలు పీకిన కోడా?" అంది శశికళ.

గది గొల్లుమంది. బిడ్డను చేర్పిద్దామని వచ్చిన కనకయ్య లేచాడు. "పా బిడ్డా, టైపు నేర్చుకుందువు." అతని వెనకే మిగతావాళ్లూ చెప్పులు వెతుక్కున్నారు. వెంకట్రాం తల పట్టుకుని మూలకు కూర్చున్నాడు.

విమల కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్కా, నువ్వు సక్కగనే జెప్పినవు. నేనే తప్పు రాసుకున్నట్టున్న."

సుగుణకు ఇన్నాళ్ల మంట చల్లారింది. ఇక మానుకోటలో నెమలి వేసే చెయ్యి ఒక్కటే.

మిషను ఇంకా ఆగలేదు. చెడిన నెమలి కింద చుక్క చుక్కగా పెద్ద పెద్ద అక్షరాలు దిగుతున్నాయి. ఊరంతా చదవాలన్న ఆ పేరేదో తానూ చదువుదామని సుగుణ కుర్చీలోంచి లేచి వంగింది.

ఒక్క చుక్క కూడా తప్పకుండా వచ్చింది: "సుగుణక్క ముగ్గులు."