సరోజా, పోదాం పా

నిరుడు ఫిబ్రవరి పన్నెండు. ఆ మధ్యాహ్నం శ్రీలంకలో ఎర్రబియ్యం అన్నం, కొబ్బరిపాల పప్పు తిన్నాం. గద్వాల నుంచి నేను, మా చెల్లెలు భారతి ఇద్దరమే వెళ్లాం. పొలన్నరువలో రాతి బుద్ధుణ్ణి చూసి, పాత శివాలయానికి వచ్చేసరికి పొద్దుగూకింది. దర్శనమయ్యాక ఎప్పటిలాగే మెట్ల మీద కాసేపు కూర్చున్నాం. రాయి చల్లగా, మోకాళ్లకు హాయిగా ఉంది. లేస్తూ, పాత అలవాటు కొద్దీ, "సరోజా, పోదాం పా" అన్నాను.

సరోజ నా భార్య. పోయి రెండేళ్లయింది.

భారతి గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "ఏందన్నా, దీపాలు పెట్టే యాళ్ల, పరాయి ఊళ్ల, పోయినోళ్లను గట్ల పిలుస్తరా? వొదిన గాక ఇంకెవరన్న ఎంబడొస్తే?"

"వస్తే నీ గురక ఇని పరారైతరు తీ."

ఆమె నవ్వలేదు. దారంతా నా చెయ్యి వదల్లేదు.

మేం దిగిన ఇంటి ముసలావిడ తలుపు తీసింది. ఇద్దరం లోపలికి వచ్చాం. ఆమె తలుపు వేయలేదు. మా వెనక చీకట్లోకి చూస్తూ, పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"అన్నా, వొదినేనా?" భారతి నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"తెల్వదమ్మా."

ముసలావిడ కాసేపు ఆగి, ఎవరికో తల వంచి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.